ఉగాదిలోపు ఇంటి ఏసీని సిద్ధం చేసుకోవడం ఎలా? గ్యాస్ మాట చివరికి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలు అంటారు. ఏసీ ఉన్న ఇంటివారు ఆ మాటను గడువుగా పెట్టుకోవచ్చు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య నెల రోజులకు పైగా వ్యవధి ఉంటుంది. అప్పటికి ఎండ ఇంకా ముదరదు, మెకానిక్ పిలిచిన రోజునే వస్తాడు, ఏదైనా భాగం పాడైందని తేలినా తెప్పించుకోవడానికి తీరిక ఉంటుంది. ఇదే పనిని ఏప్రిల్ చివరికి నెట్టుకుంటూ పోతే, రామగుండంలోనూ రెంటచింతలలోనూ ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో, ఊళ్ళో ఉన్న పదిమంది మెకానిక్‌లకోసం ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తున్నప్పుడు, మీరూ ఆ వరుసలో చివర నిలబడవలసి వస్తుంది. రోహిణి కార్తె మొదలయ్యాక ఇక చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఒక టన్ను, టన్నున్నర స్ప్లిట్ ఏసీలను దృష్టిలో పెట్టుకుని రాసినది. కిటికీ ఏసీలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఏసీ సరిగా చల్లబరచకపోతే మనలో చాలామంది నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది" అన్నదే. గ్యాస్ పెట్రోలులా మండి ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో నలువైపులా మూసి ఉన్న వలయంలో అది గదిలోని వేడిని మోసుకుపోయి బయట వదిలి, మళ్ళీ లోపలికి వస్తూ ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతుంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం. కాబట్టి ఏటేటా "కొంచెం గ్యాస్ కొట్టించడం" అనే ఆచారానికి ఆధారం లేదు. వేసవిలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దుమ్ము వల్లో, నీళ్ళు పోయే దారి మూసుకుపోవడం వల్లో, కరెంటు లోపం వల్లో వస్తాయి. వాటిని ఆ వరుసలోనే చూసుకుంటూ వెళ్ళి, గ్యాస్ సంగతిని చిట్టచివర చూడాలి.

ఈ వరుస నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా పడకగది ఏసీ గంటసేపు తిరిగినా గది చల్లబడలేదు. వచ్చిన మెకానిక్ గ్యాస్ పీడనం కొలిచే గేజి పెట్టకుండానే, గొట్టాన్ని చేత్తో తాకి గ్యాస్ తక్కువైందని చెప్పి, నింపి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. మరో వారానికి అదే పరిస్థితి. అప్పుడు ముందు మూత తెరిచి చూస్తే ఫిల్టరు జాలీ మీద దుమ్ము పాత దుప్పటిలా మందంగా పేరుకుని ఉంది. కుళాయి కింద పది నిమిషాలు కడిగాక ఏసీ ఎప్పటిలా పనిచేసింది. తప్పు అతనిది ఎంతో, మూత ఎత్తి చూడని మాదీ అంతే.

మొదట కరెంటు తీసేయండి

రిమోట్‌తో ఆపడం చాలదు. ఏసీకి విడిగా ఉన్న ఎంసీబీని (కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు) దించండి, ప్లగ్గు ఉంటే దాన్ని కూడా ఊడదీయండి. కదలని నిచ్చెన లేదా గట్టి స్టూలు, టార్చిలైటు, మెత్తని బ్రష్షు, బకెట్టు, పాత బట్టలు, గదిలో వేడిమి కొలిచే చిన్న డిజిటల్ థర్మామీటరు ఉంటే ఇంట్లో చేయగలిగిన పనికి సరిపోతాయి. రిమోట్‌లో నిరుటి సెల్స్ అలాగే ఉండిపోతే అవి కారి స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టి ఉండవచ్చు. ముందు అది చూసుకోండి. రిమోట్ పనిచేయక ఏసీయే చెడిపోయిందనుకున్న వాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఫిల్టరు

ఇండోర్ యూనిట్ ముందు ప్యానెల్‌ను రెండు పక్కలా పట్టుకుని పైకెత్తితే ఫిల్టరు జాలీలు కనిపిస్తాయి. సాధారణంగా రెండుంటాయి. కింది అంచును కొద్దిగా పైకి నెట్టి ముందుకు లాగితే వచ్చేస్తాయి. కుళాయి ధారను జాలీకి దుమ్ము పట్టిన వైపు కాక వెనక వైపు నుంచి పెట్టాలి. ముందు నుంచి పెడితే నీటి వేగానికి దుమ్ము కన్నాల్లోకి మరింతగా దిగబడుతుంది. వంటింటి జిడ్డు చేరిన జాలీ అయితే గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు ద్రవం కలిపి పావుగంట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తుడవండి. మరిగే నీళ్ళు పోయకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు. రెండింటికీ ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది, వంకర పోయిన జాలీ పక్కల నుంచి దుమ్ము నేరుగా కాయిల్ మీదికి పోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. కొన్ని ఏసీల్లో జాలీ మీద నల్లగా, మందంగా ఉండే చిన్న అదనపు ఫిల్టర్లు కూడా ఉంటాయి. వాటిలో కొన్నింటిని కడగకూడదు కనుక ఏసీతో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి.

ఫిల్టరు కడగడం ఏడాదికొక పండుగ కాదు. వాడుకలో ఉన్నన్నాళ్ళూ రెండు వారాలకోసారి, రోడ్డు పక్క ఇల్లయినా, చుట్టుపక్కల కట్టడాలు జరుగుతున్నా వారానికోసారి కడగాలి.

కాయిల్, బ్లోయర్: ఎంతవరకు మీరు, ఎక్కడ మెకానిక్

జాలీలు తీశాక లోపల సన్నని అల్యూమినియం రేకులు దువ్వెన పళ్ళలా నిలువుగా కనిపిస్తాయి. అది కాయిల్. గది గాలి ఆ రేకుల సందుల్లోంచి పోతూ చల్లబడుతుంది. టార్చి వేసి చూడండి. రేకుల మీద పలచని దుమ్ము మాత్రమే ఉంటే, మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి, రేకులు నిలిచిన దిశలోనే, బరువు వేయకుండా దువ్వితే చాలు. అడ్డంగా తుడిస్తే రేకులు కాగితంలా ముడుచుకుని గాలి దారి మూసుకుపోతుంది. వేలు తగిలినా వంగేంత పలచన అవి. వాటి అంచులు వేళ్ళను కోస్తాయి కూడా.

ఇప్పుడు గాలి బయటికి వచ్చే కింది పెదవి దగ్గర టార్చి వేసి, లోపలికి తొంగి చూడండి. రోకలిలా పొడవుగా ఉండి, చుట్టూ సన్నని రెక్కలున్న చక్రం కనిపిస్తుంది. అది బ్లోయర్. దాని రెక్కల లోపలి వంపులో నల్లటి మచ్చలుగా, తడి మట్టిలా ఏదైనా పట్టి ఉంటే అది బూజు. ఏసీ వేయగానే తడిసిన గోనెసంచి వాసన రావడానికి కారణం ఇదే. వర్షాకాలం అంతా, ఆ తర్వాత చలికాలం అంతా తడి ఆరకుండా మూసి ఉన్న ఏసీలో ఇది తప్పకుండా పెరుగుతుంది. సెంటు కొట్టో, సాంబ్రాణి పొగ వేసో దీన్ని పోగొట్టలేరు.

బ్లోయర్ దాకా వచ్చిన మురికికి మెకానిక్‌ను పిలవాలి. పిలిచేటప్పుడు కూడా "సర్వీసింగ్" అని ఊరుకోక, జెట్ పంపుతో నీళ్ళు కొట్టి కడిగే సర్వీసు కావాలని స్పష్టంగా చెప్పండి. పొడి బ్రష్షుతో పైపైన దులిపి వెళ్ళే సర్వీసూ ఉంది, రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. సరైన పనివాడు ముందుగా కరెంటు తీసి, కుడి పక్కనో ఎడమ పక్కనో ఉండే సర్క్యూట్ బోర్డు మీద ప్లాస్టిక్ కప్పి, యూనిట్ చుట్టూ సంచిలాంటి కవరు తొడిగి, దాని గొట్టాన్ని బకెట్టులోకి వదులుతాడు. ఆ తర్వాతే పంపు ఆన్ చేస్తాడు. మొదటి బకెట్టు నీళ్ళు ఎలా వచ్చాయో మీరే దగ్గరుండి చూడండి. నిరుడు మా ఇంట్లో అవి కాటుక కలిపినట్టు నల్లగా వచ్చాయి. మూడో బకెట్టుకు తేరుకున్నాయి. నీళ్ళు తేటపడేదాకా పని పూర్తికానట్టే.

ఇంట్లో ఉన్నాయి కదా అని ఫినాయిలు, యాసిడ్, బట్టల సోడా వంటివి కాయిల్ మీద చల్లకండి. అల్యూమినియం ఆమ్లానికీ, క్షారానికీ రెంటికీ తినుకుపోతుంది. రేపు గ్యాస్ కారే కన్నాన్ని మీ చేతులతోనే పెట్టుకున్నట్టవుతుంది.

నీళ్ళు పోయే దారి

చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, కింద ఉన్న తొట్టిలోకి దిగి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ, విజయవాడ వంటి చోట్ల ఒక రాత్రిలో బకెట్టు నీళ్ళు పోగవడం వింత కాదు. ఈ దారి మూసుకుపోతే నీళ్ళు గోడ మీదికి, మంచం మీదికి కారతాయి. వేసవిలో వచ్చే ఫిర్యాదుల్లో చల్లదనం చాలకపోవడం తర్వాత స్థానం దీనిదేనని నా లెక్క.

ముందు బయట పైపు చివర ఎక్కడుందో వెతికి పట్టుకోండి. దాని మూతిలోకి టార్చి వేయండి. మట్టితో గూడు కట్టే కందిరీగకు ఏసీ డ్రెయిన్ పైపు కొలతపెట్టి చేసినంత సరిపోతుంది. చలికాలమంతా పొడిగా, వెచ్చగా, ఎవరూ కదపని గొట్టం కనుక లోపల గూడు కట్టి మూతిని మట్టితో మెత్తేస్తుంది. మా ఏసీ మే నెలలో ఒక అర్ధరాత్రి మంచం మీద ధార కట్టినప్పుడు పైపు చివర దొరికింది అదే, బొటనవేలంత మట్టి గూడు. ఇనుప చువ్వతో పొడిస్తే పైపుకు చిల్లు పడుతుంది. మూతిని కత్తిరించి అంగుళం తగ్గించడమో, సన్నని ప్లాస్టిక్ తీగతో మెల్లగా లాగడమో మేలు. ఆ తర్వాత దోమతెర గుడ్డ చిన్న ముక్క మూతికి కట్టండి. నీరు ఆగదు, పురుగు చొరబడదు.

తర్వాత పరీక్ష. జాలీలు తీసి ఉన్నప్పుడే అర లీటరు నీళ్ళను చిన్న గ్లాసుతో కాయిల్ కింది భాగం మీద, కరెంటు భాగాలున్న పక్కకు దూరంగా, మెల్లగా పోయండి. బయట మనిషిని నిలబెట్టి అవి ఎంతసేపటికి వస్తున్నాయో చూడమనండి. వెంటనే ధారగా వస్తే దారి బాగుంది. చుక్కలు చుక్కలుగా వస్తే లోపల పాకుడు పట్టిందన్నమాట. బయటి చివర నుంచి వాక్యూమ్ క్లీనరుతో పీల్చితే చాలావరకు వచ్చేస్తుంది. తడిని కూడా పీల్చే రకం అయితేనే వాడండి. పైపు మొదటి నుంచి చివరి దాకా పల్లానికే వెళ్ళాలి. మధ్యలో పాములా పైకి లేచి దిగినా, చివర నీళ్ళు నిండిన బకెట్టులో మునిగి ఉన్నా నీరు వెనక్కి తన్నుతుంది. నీళ్ళు పట్టి మొక్కలకు పోసేవాళ్ళు బకెట్టును పైపు మూతికి తగలకుండా పెట్టుకోవాలి.

అవుట్‌డోర్ యూనిట్

ఇక్కడ ముందుగా ఒక హద్దు గీయాలి. బాల్కనీలోనో డాబా మీదనో నిలబడి చేతికందే యూనిట్ అయితేనే మీరు ముట్టుకోండి. మూడో అంతస్తు బయటి గోడకు వేలాడుతున్న దాన్ని కిటికీలోంచి వంగి కడగాలనుకోవద్దు. అది తాడూ నడుంపట్టీ కట్టుకుని దిగే పనివాళ్ళది, వాళ్ళు వాటిని కట్టుకున్నారో లేదో చూడవలసిన బాధ్యత పిలిచిన మనది.

చలికాలంలో అవుట్‌డోర్ యూనిట్ మీద పావురాలు గూడు పెట్టి ఉంటాయి. గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగడానికి కూడా ముందుగా చూసుకోవడం మంచిది. రెట్టలు, పుల్లలు తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు నీళ్ళు చల్లి తడిపి తీయండి. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది.

యూనిట్ వెనకా, ఒక పక్కనా కనిపించే రేకుల నుంచి వేడి బయటికి పోవాలి. వాటికి దుమ్ము, ఎండుటాకులు, దూది అడ్డం పడితే ఫ్యాను ఎంత తిరిగినా వేడి లోపలే ఉండిపోయి, గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ శ్రమపడుతుంది, బిల్లు పెరుగుతుంది. కరెంటు తీసి ఉందని మళ్ళీ ఒకసారి సరిచూసుకుని, తోటకు వాడే గొట్టంతో మామూలు ధారగా పైనుంచి కిందికి కడగండి. బైకులు కడిగే ప్రెషర్ పంపును రేకుల మీదికి నేరుగా పెడితే అవి చాపచుట్టలా వంగిపోతాయి. పక్కనున్న కరెంటు డబ్బా మూత మీద ప్లాస్టిక్ కవరు కట్టండి, ఆ మూత తెరవకండి. లోపల ఉండే కెపాసిటర్ కరెంటు తీశాక కూడా కొంతసేపు ఛార్జి పట్టి ఉంచుతుంది, ముట్టుకుంటే ప్రమాదం.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళవాళ్ళు దీన్ని ఏడాదికోసారి చేసి ఊరుకోకూడదు. ఉప్పుగాలి రేకులనూ రాగి అతుకులనూ తినేస్తుంది కనుక నెలకోసారైనా మంచినీళ్ళతో కడిగితే ఏసీ ఆయుష్షు పెరుగుతుంది. అక్కడే ఇనుప బ్రాకెట్లు, నట్లు తుప్పు పట్టాయేమో చూడండి. ముప్పై కిలోలకు అటూ ఇటూ ఉండే బరువు వాటి మీద ఆధారపడి ఉంటుంది, కింద మనుషులు నడుస్తుంటారు. బ్రాకెట్టు మీద పొరలు పొరలుగా తుప్పు ఊడుతుంటే రంగు వేయించడం కాదు, మార్పించాలి.

నీడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూనిట్ మీద ఎండ పడకుండా పైన చిన్న పందిరి కడితే మంచిదే. అదే నీడ కోసం చుట్టూ గోనెసంచులో, గ్రీన్ షీటో కడితే అది వదిలిన వేడి గాలినే మళ్ళీ తాను పీల్చుకుంటుంది. వెనక గోడకు జానెడు, ముందు వైపు కనీసం రెండు అడుగుల ఖాళీ ఉండాలి, పాత కుర్చీలూ సైకిళ్ళూ తీసేయండి.

గొట్టాలు గోడలోంచి లోపలికి వచ్చే కన్నం చుట్టూ ఖాళీ ఉంటే పుట్టీతోనో సిమెంటుతోనో పూడ్చండి. బల్లులు, చీమలు ఆ దారినే సర్క్యూట్ బోర్డు మీదికి చేరి, షార్ట్ అయి, తామూ మాడి బోర్డునూ మాడుస్తాయి. గొట్టాల మీది నల్లటి ఫోమ్ తొడుగు ఎండకు పొడిపొడిగా రాలిపోయి ఉంటే కొత్తది చుట్టించండి. అది లేని చోట చల్లదనం దారిలోనే పోతుంది, గోడ చెమర్చి రంగు ఊడుతుంది.

కరెంటు

టన్నున్నర ఏసీ నడుస్తున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది, అదీ గంటల తరబడి ఆపకుండా. కాబట్టి దానికి మీటరు బోర్డు నుంచి విడి లైను, రెండున్నర చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ (నాలుగైతే ఇంకా మేలు), తగిన ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం అగ్గితో చెలగాటం.

ప్లగ్గు ఊడదీసినప్పుడు దాని కాళ్ళను చూడండి. ఇత్తడి రంగు పోయి నల్లబడినా, సాకెట్టు ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగుకు తిరిగినా అక్కడ పట్టు వదులై వేడెక్కుతోందని గుర్తు. ఏసీ అరగంట తిరిగాక ప్లగ్గు పైభాగం మీద చెయ్యి పెడితే కాస్త వెచ్చగా ఉండవచ్చు, చెయ్యి నిలవనంత వేడిగా ఉండకూడదు. అలా ఉంటే మొత్తం సాకెట్టు మార్పించాలి, స్క్రూ బిగించి వదిలేయడం చాలదు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఎర్తింగ్‌ను కూడా పరీక్షించమనండి. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర ఎలుకలు తీగను కొరికి ఉంటాయి, అదీ చూడమనండి.

స్టెబిలైజరు కావాలా వద్దా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఇన్వర్టర్ ఏసీలు (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేవి) చాలావరకు వోల్టేజి హెచ్చుతగ్గులను కొంత మేర తట్టుకుంటాయి. ఎంత మేర అన్నది పుస్తకంలో రాసి ఉంటుంది. మీ ఊళ్ళో వేసవి సాయంత్రాలు ఫ్యాన్లు నెమ్మదించి, లైట్లు మసకబారుతుంటే వోల్టేజి ఆ హద్దు కన్నా కిందికి పోతోందేమో మీటరుతో చూసి నిర్ణయించుకోండి. కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే పాతకాలపు ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీకి మాత్రం, ముఖ్యంగా పల్లెల్లో, స్టెబిలైజరు ఉండి తీరాలి.

నడిపి చూడటం

అన్నీ ఆరి, అమర్చి, కరెంటు ఇచ్చాక ఒక మధ్యాహ్నం పూట నడిపి చూడండి. తెల్లవారుజామున చల్లని వేళలో చూస్తే ఏ ఏసీ అయినా బాగానే ఉన్నట్టుంటుంది. తలుపులు, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, కూల్ మోడ్‌లో 18 డిగ్రీలు, ఫ్యాను పెద్ద వేగం పెట్టండి. కంప్రెసర్ వెంటనే మొదలుకాకపోతే కంగారు పడి ఆపి మళ్ళీ వేయకండి. తనను తాను కాపాడుకోవడానికి అది మూడు నిమిషాలపాటు ఆగుతుంది.

ఇరవై నిమిషాల తర్వాత థర్మామీటరును ముందుగా ఇండోర్ యూనిట్ పైభాగాన, గాలి లోపలికి పోయే చోట పెట్టి అంకె రాసుకోండి. తర్వాత కింద, గాలి బయటికి వచ్చే పెదవి దగ్గర పెట్టి రాసుకోండి. రెంటికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మీ ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. కోస్తా ఉక్కపోతలో ఈ తేడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ ఏసీ శక్తిలో మంచి భాగం గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది. ఇదే సమయంలో డ్రెయిన్ నీళ్ళు బయట పడుతున్నాయో లేదో, యూనిట్‌లో కిర్రుమనో గలగలమనో శబ్దం ఉందో లేదో, అవుట్‌డోర్ ఫ్యాను గాలి వేడిగా వస్తోందో లేదో చూడండి. బయట వేడి గాలి రాకపోతే లోపల చల్లదనం రాదు.

గొట్టం మీదో కాయిల్ మీదో తెల్లగా మంచు కడితే ఏసీ ఆపి, ఫ్యాను మోడ్ ఒకటే పెట్టి కరగనివ్వండి. స్క్రూడ్రైవరుతో గీకితే కన్నం పడుతుంది. మంచు కట్టడానికి కారణం గాలి సరిగా ఆడకపోవడం కావచ్చు, గ్యాస్ తగ్గడం కావచ్చు. ఫిల్టరు, కాయిల్, బ్లోయర్ శుభ్రంగా ఉన్నాయని మీ కళ్ళతో చూసుకున్నారు కాబట్టి మొదటి కారణాన్ని ఇప్పుడు ధైర్యంగా పక్కన పెట్టవచ్చు. ఈ పనులన్నీ గ్యాస్‌కు ముందు చేయమన్నది ఇందుకే.

ఇప్పుడు గ్యాస్

పైవన్నీ సరిగా ఉండి కూడా తేడా ఆరేడు డిగ్రీలు దాటకపోతేనే మెకానిక్‌తో గ్యాస్ మాట ఎత్తండి. అప్పుడు కూడా అతను గేజి పెట్టి అంకె మీకు చూపించాలి. ఏ గ్యాస్‌కు ఎంత పీడనం ఉండాలన్నది వేరు వేరుగా ఉంటుంది. ఏసీ నడుస్తుండగా పాత ఆర్-22కు లావు గొట్టం వైపు సుమారు 60 నుంచి 70 పీఎస్ఐ, ఆర్-410ఏకు సుమారు 110 నుంచి 130 పీఎస్ఐ వస్తుంది. ఆర్-32కు దీనికి దగ్గరగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది. బయటి ఎండను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. మీ ఏసీలో ఏ గ్యాస్ ఉందో, ఎన్ని గ్రాములు ఉండాలో అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న నేమ్‌ప్లేటు మీద అచ్చువేసి ఉంటుంది, ముందే ఫోటో తీసి పెట్టుకోండి. ఒక గ్యాస్ ఏసీలో మరో గ్యాస్ కలపకూడదు.

నిజంగానే తగ్గిందని తేలితే, నింపే ముందు కారుతున్న చోటు కనిపెట్టమని పట్టుబట్టండి. అతుకుల దగ్గర, నట్ల దగ్గర నూనె జిడ్డు మరక కనిపిస్తే అనుమానం అక్కడే. సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తాయి. ఆ చోటు బాగుచేసి, నైట్రోజన్ నింపి పీడనం నిలుస్తోందో లేదో చూసి, వాక్యూమ్ పంపుతో అరగంటకు తగ్గకుండా గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేసి, ఆ తర్వాత తూకం వేసి నేమ్‌ప్లేటు మీదున్నన్ని గ్రాములు నింపడం సరైన పద్ధతి. వాక్యూమ్ పంపు తేకుండా సిలిండరు ఒక్కటే భుజాన వేసుకుని వచ్చిన మనిషిని మర్యాదగా తిప్పి పంపండి.

ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది. కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290 అయితే ప్రొపేన్ కనుక వంటగ్యాస్ లాగే మండుతుంది. వీటితో పనిచేసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు. గొట్టం అతికే మంట వెలిగించే ముందు లోపలి గ్యాస్ పూర్తిగా తీసేయాలి. ఆర్-22 ఉన్న పాత ఏసీకి పెద్ద లీకు వస్తే బాగుచేయించడం గురించి రెండుసార్లు ఆలోచించండి. ఓజోన్ పొరకు హాని చేసే ఆ గ్యాస్‌ను మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాదాపుగా వదిలించుకోవలసి ఉంది. కొత్త ఇంటి ఏసీల్లో ఇప్పుడు దాన్ని వాడటం లేదు.

గది

ఏసీ బాగుపడ్డాక కూడా గది వేడెక్కుతుంటే తప్పు ఏసీది కాకపోవచ్చు. పడమటి కిటికీకి మందపాటి తెర, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ చవకలో అయ్యే పనులు. పై అంతస్తులో ఉన్నవాళ్ళకు స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటికి కూడా కింద గదిలోకి వేడి దించుతుంటుంది. డాబా మీద తెల్ల సున్నమో, ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటో వేస్తే ఆ భారం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. డాబాకు సున్నం మార్చి నెలలో వేయించండి. ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిది దాటితే డాబా మీద కూలివాడు నిలబడలేడు.

ఇక రిమోట్ మీద అంకె. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిబంధన ప్రకారం 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని ఆ సంస్థే చెబుతోంది. 26 పెట్టి సీలింగ్ ఫ్యాను చిన్న వేగంలో తిప్పితే మా ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా హాయిగా ఉంటుంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. మామూలు ఏసీలో కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది, అంకె తగ్గిస్తే అది ఆగే సమయం ఆలస్యమవుతుంది, అంతే. పొద్దున ఏసీ ఆపే ముందు ఓ పావుగంట ఫ్యాను మోడ్‌లో వదిలితే కాయిల్ తడి ఆరి, వచ్చే ఏడాది బూజు తక్కువగా ఉంటుంది.

ట్రయల్ రోజున వచ్చిన రెండు అంకెలనూ, వాటి తేడానూ తేదీతో సహా ఒక చిన్న కాగితం మీద రాసి ముందు ప్యానెల్ లోపలి వైపు అతికించండి. వచ్చే మార్చిలో మెకానిక్ గ్యాస్ మాట ఎత్తినప్పుడు పోల్చి చూడటానికి అదే మీకు ఆధారం. మా పడకగది ఏసీలో ఉన్న కాగితం మీద ఇప్పటికి నాలుగు వరుసలున్నాయి. మూడింటిలో తేడా పది, పదకొండు. రెండో వరుసలో మాత్రం ఆరు అని ఉంది, దాని పక్కన మా ఆవిడ చేతిరాతతో "ఫిల్టరు కడగలేదు" అని ఉంది.